వెంట్రుకవాసి దూరం

గుండె బొమ్మ వేయమంటే ఇప్పటికీ కళ్లు మూసుకుని వేసేస్తాను. నాలుగు గదులు, మధ్యలో గోడ, ఎడమవైపు నుంచి పైకి లేచి వంకీ తిరిగే బృహద్ధమని. పదో తరగతిలో ఆ బొమ్మను తక్కువలో తక్కువ ముప్పైసార్లు గీసి ఉంటాను. మంచి రక్తానికి ఎర్ర పెన్సిల్, చెడు రక్తానికి నీలం పెన్సిల్. మార్కులు బాగానే పడ్డాయి. ఆ రక్తం అంత హడావిడిగా ఎక్కడికి పోతోంది, పోయాక అక్కడేం జరుగుతోంది అని మాత్రం నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ధమని చివర ఒక బాణం గుర్తు పెట్టి, పక్కన 'శరీర భాగాలకు' అని రాస్తే సరిపోయేది.

ఆ బాణం గుర్తు మీదే నా తగాదా.

కొన్నేళ్ల కిందట మా నాన్నకు న్యుమోనియా వచ్చింది. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ మొదట అడిగిన మాట, "గుండె బాగానే ఉందా?" బాగానే ఉంది. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, బీపీ బాగుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపడానికి వేలికి తగిలించిన క్లిప్పులో మాత్రం అంకె 86 దగ్గర ఆగిపోయింది. మామూలుగా 95 పైన ఉండాలి. గుండె బాగుంటే అన్నీ బాగున్నట్టే అనుకునే మా అందరికీ అది అంతుబట్టలేదు. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "గుండె తన పని తాను చేస్తోందండీ. రక్తం ఊపిరితిత్తులదాకా వస్తోంది. కానీ గాలి ఉండాల్సిన గదుల్లో నీరు చేరింది. వచ్చిన రక్తం వట్టిచేతులతో వెనక్కి పోతోంది."

వట్టిచేతులతో వెనక్కి పోవడం. ఆ మాట నాకు అలాగే ఉండిపోయింది. బండి నడుస్తోంది, రోడ్డు బాగుంది, డ్రైవరు మేలుకునే ఉన్నాడు. సరుకు ఎక్కే చోటే పని ఆగిపోయింది. ముప్పైసార్లు గీసిన నా బొమ్మలో ఆ చోటే లేదు.

అప్పటి నుంచి దీని గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. నేను డాక్టర్ని కాను, జీవశాస్త్రం చెప్పే మాస్టార్నీ కాను. అయినా ఒక మాట మీద గట్టిగా నిలబడతాను. ప్రాణుల్లో జరిగే రవాణా గురించి మనం నేర్చుకునే కథ తలకిందులుగా ఉంది. గుండెతో మొదలుపెట్టి, చివరికి కణం దాకా వచ్చేలోపే గంట కొట్టేస్తారు. అసలు మొదలుపెట్టాల్సింది కణం దగ్గర, దాన్ని ఆనుకుని ఉన్న ఆ వెంట్రుకవాసి దూరం దగ్గర. గుండె ఎందుకు ఉందో అక్కడి నుంచి చూస్తేనే అర్థమవుతుంది.

లెక్కతో మొదలుపెడతాను. పెద్ద లెక్కేం కాదు.

ఏ కణమైనా ఆక్సిజన్ తీసుకునేది విసరణ వల్లే. విసరణ అంటే ఎవరూ నెట్టరు, ఎవరూ లాగరు. అణువులు తాగినవాడి నడకలా అటూ ఇటూ తూలుతూ, ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి మొత్తం మీద సర్దుకుంటాయి. 1855లో అడాల్ఫ్ ఫిక్ దీనికి సూత్రాలు రాశాడు. ఆయన శరీరధర్మ శాస్త్రవేత్త కావడం యాదృచ్ఛికం కాదేమో అనిపిస్తుంది నాకు. తూలుతూ నడిచేవాడితో ఒక చిక్కుంది. రెట్టింపు దూరం పోవాలంటే అతనికి రెట్టింపు సమయం చాలదు, నాలుగు రెట్లు కావాలి. పది రెట్ల దూరానికి వంద రెట్లు.

నీటిలో ఆక్సిజన్‌కు ఈ లెక్క వేస్తే ఇలా వస్తుంది. మిల్లీమీటరులో నూరో వంతు, అంటే 10 మైక్రోమీటర్లు దాటడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. రెప్పపాటు కూడా అక్కర్లేదు. ఒక మిల్లీమీటరుకు సుమారు 4 నిమిషాలు. ఒక సెంటీమీటరుకు దాదాపు 7 గంటలు. ఒక మీటరుకు? సుమారు 8 ఏళ్లు. ఈ పద్ధతిలోనే ఊపిరితిత్తుల నుంచి కాలి బొటనవేలికి ఆక్సిజన్ చేరాలంటే, ఇవాళ పీల్చిన గాలి, ఇవాళ పుట్టిన పిల్లాడు బడి సగం చదివేసరికి అందుతుంది.

ఈ నాలుగు అంకెల్లోనే మొత్తం కథ ఉంది. ఒక్క కణంతో బతికే అమీబాకు గుండె ఎందుకు లేదో ఇవే చెప్తాయి. దానికి అక్కర్లేదు, ఎటు చూసినా బయటి నీరు కూతవేటు దూరంలోనే ఉంది. బల్లపరుపు పురుగుల జాతిలోని ప్లనేరియా ఎందుకంత పల్చగా, కాగితం ముక్కలా ఉంటుందో కూడా ఇవే చెప్తాయి. రక్తనాళాలు లేని ప్రాణి లావెక్కితే మధ్యలో ఉన్న కణాలు ఊపిరాడక పోతాయి. కొంచెం పెద్దగా బతకాలనుకున్న ఏ ప్రాణి అయినా ఏదో ఒక దారి వెతుక్కోవాల్సిందే. మనం వెతుక్కున్న దారి గుండె, నాళాలు. అది విసరణకు ప్రత్యామ్నాయం మాత్రం కాదు. విసరణ పని చేసేంత దగ్గరికి సరుకును చేర్చే ఏర్పాటు, అంతే.

ఎంత దగ్గరికి? మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ 100 మైక్రోమీటర్ల లోపే ఒక రక్తకేశనాళిక, అంటే అతి సన్నని రక్తనాళం, ఉంటుంది. మనిషి వెంట్రుక మందం కూడా 50 నుంచి 100 మైక్రోమీటర్ల మధ్యే. వెంట్రుకవాసి అని మనం మాటవరసకు అంటాం. ఒళ్లు దాన్ని కొలతగా పాటిస్తోంది.

నమ్మకం కలగకపోతే గుండెనే అడగండి. ఎడమ జఠరికలో, అంటే ఎడమవైపు కింది గదిలో, ఎప్పుడూ ఒంట్లోకెల్లా ఆక్సిజన్ ఎక్కువున్న రక్తం నిండుగా ఉంటుంది. దాని గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు. ఆ గోడలోని కండరానికి పక్కనే ఉన్న ఆ రక్తం నుంచి ఆక్సిజన్ అందుతుందా? లోపలి అంచున పల్చటి పొరకు తప్ప అందదు. సెంటీమీటరుకు 7 గంటలని పైన లెక్క వేశాం. అందుకే గుండె తాను పంపిన రక్తంలోంచే కొంత, బయటివైపు చుట్టుకున్న హృదయ ధమనుల ద్వారా వెనక్కి తెప్పించుకుని, మళ్లీ కేశనాళికలుగా చీల్చుకుని తాగుతుంది. ఆ ధమనుల్లో ఒకటి పూడుకుపోతే వచ్చేదే గుండెపోటు. గదుల నిండా ఆక్సిజన్ పెట్టుకుని, గోడలో ఆక్సిజన్ అందక కండరం చచ్చిపోతుంది. చెరువు గట్టు మీద దాహంతో పోవడమంటే ఇదే. ఈ ఒక్క సంగతి నాకు పదో తరగతిలో చెప్పి ఉంటే, ఆ ముప్పై బొమ్మలూ గీయకపోయినా నష్టం ఉండేది కాదు.

కప్పకు ఈ బాధ తక్కువ. దాని జఠరిక గోడ స్పాంజిలా ఉంటుంది. రక్తం ఆ సందుల్లోకి దూరి కండరానికి దగ్గరగా వెళ్తుంది కాబట్టి లోపలి రక్తంతోనే చాలావరకు గడిచిపోతుంది.

బాణం గుర్తు సంగతికొస్తే, అది పెట్టింది మా మాస్టారొక్కరే కాదు. రక్తం చుట్టూ తిరుగుతోందని 1628లో విలియం హార్వే చాటినప్పుడు ఆయన దగ్గరున్నదీ బాణం గుర్తే. గుండె గంటలో ఎంత రక్తం పంపుతోందో లెక్కగట్టి, అంత రక్తం తిన్న తిండి నుంచి కొత్తగా తయారయ్యే అవకాశమే లేదని, కాబట్టి అదే రక్తం తిరిగి వస్తూ ఉండాలని తేల్చాడు. ధమనుల నుంచి సిరల్లోకి ఎలా వస్తోందో ఆయన కంటికి కనబడలేదు. 1661లో మార్సెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో చూసి కేశనాళికలను కనుక్కునేసరికి హార్వే చనిపోయి నాలుగేళ్లయింది. హార్వేది తప్పని నేననను, ఆయనకు సరైన పనిముట్టు లేదు. మనకుంది. అయినా బాణం గుర్తు దగ్గరే ఆగుతున్నాం.

కేశనాళికల దగ్గరికి వచ్చాక రక్తం నడక చూడండి. బృహద్ధమనిలో సెకనుకు పదుల సెంటీమీటర్ల వేగంతో పరుగెత్తినది ఇక్కడ సెకనుకు అర మిల్లీమీటరుకు పడిపోతుంది. ఏడెనిమిది మైక్రోమీటర్ల ఎర్ర రక్తకణం తనకంటే ఇరుకైన సందుల్లో కూడా ఒళ్లు మడుచుకుని దూరుతుంది. వేగమే ముఖ్యమైతే ఇది ఘోరమైన డిజైన్. మార్పిడి ముఖ్యమనుకుంటే ఇంతకంటే మంచి డిజైన్ దొరకదు. ఆగాలి, గోడకు ఆనాలి, ఇచ్చిపుచ్చుకోవాలి, కదలాలి. ఊపిరితిత్తిలో ఒక్కో ఎర్ర కణం వాయుగోణుల (డాక్టరమ్మ చెప్పిన ఆ గాలి గదుల) పక్కన ఉండేది ముప్పావు సెకను. అందులో మొదటి పావు సెకనులోనే దాని హిమోగ్లోబిన్ నిండిపోతుంది. మిగతా అర సెకను జమానతు లాంటిది, పరుగెత్తేటప్పుడు అక్కరకొస్తుంది. మధ్యలో ఉన్న గోడ మందం ఒక్క మైక్రోమీటరు కూడా ఉండదు. నాన్నకు ఆ రాత్రి లేకుండా పోయింది ఈ పల్చదనమే.

ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను గ్రంథిలా స్రవిస్తాయని, ఉత్త విసరణతో అంత పని కాదని ఒకప్పుడు పెద్దపెద్దవాళ్లే నమ్మారు. డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్ అలాంటివారిలో ముఖ్యుడు (భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ తండ్రి). ఆయన శిష్యుడు ఆగస్ట్ క్రో, భార్య మేరీ క్రోతో కలిసి 1910 నాటికి సున్నితమైన కొలతలతో విసరణే చాలని చూపించాడు. గురువుతో విభేదించి మరీ. కండరాల్లో కేశనాళికలు అవసరాన్ని బట్టి తెరుచుకుంటాయని చెప్పినందుకు అదే క్రోకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది.

క్రో పేరు తీశాను కాబట్టి, నాకు చిరాకు తెప్పించే ఒక అంకె గురించి కూడా చెప్పేస్తాను. మనిషి రక్తనాళాలన్నీ కలిపి లక్ష కిలోమీటర్లు, భూమిని రెండున్నరసార్లు చుట్టి రావచ్చు అని పిల్లల పుస్తకాల నిండా ఉంటుంది. అది క్రో వేసిన ఒక అంచనా నుంచి పుట్టింది. కండరాలు 50 కిలోలున్న మనిషిని, ప్రతి చదరపు మిల్లీమీటరులో 2000 కేశనాళికలను ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. గుణించి చూడండి, లక్షకు దగ్గరగానే వస్తుంది. కానీ 50 కిలోల కండరం పహిల్వాన్లకు ఉండొచ్చేమో, మామూలు మనిషికి 30 కిలోల అటూఇటూ. నాళాల సాంద్రతనూ ఎక్కువగానే వేసుకున్నాడు. ఈమధ్య తిరిగి లెక్క వేసినవాళ్లు దాన్ని పది, ఇరవై వేల కిలోమీటర్ల స్థాయికి దించారు. అంకె తగ్గిందని నాకు దిగులు లేదు. పొడవు చెప్పి పిల్లల్ని నోరెళ్లబెట్టించి, ఒక నాళానికీ పక్క నాళానికీ మధ్య దూరం ఎంతో చెప్పకపోవడమే నా బాధ. రెండో అంకె చిన్నది, కానీ మొదటిదాన్ని పుట్టించింది అదే.

మా అమ్మాయి చిన్నప్పుడొకసారి అడిగింది, "నాన్నా, చీమకు గుండె ఉంటుందా?" ఉంటుందన్నాను. వెన్ను పొడవునా ఒక గొట్టం, అదే గుండె. ఇప్పుడైతే ఇంకో మాట కూడా చెప్తాను. చీమ గుండె ఆక్సిజన్‌ను మోయదు. దాని రక్తానికి ఆ పనే లేదు. కీటకాల ఒంటి పక్కల చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి గాలి గొట్టాలు చీలుకుంటూ చీలుకుంటూ నేరుగా కణాల దాకా పోతాయి. గాలిలో ఆక్సిజన్ విసరణ నీటిలో కంటే సుమారు పదివేల రెట్లు వేగం. అంటే చీమ మనం రక్తంతో చేసే పనిని వట్టి గాలితో చేసేసింది. పెద్ద కీటకాలు పొట్టను ముడుస్తూ చాపుతూ గాలిని ఆడిస్తాయి కూడా. గుండెతో కథ మొదలుపెడితే చీమ ఒక వింత అవుతుంది. వెంట్రుకవాసి దూరంతో మొదలుపెడితే చీమా మనమూ ఒకే సమస్యకు రెండు జవాబులం.

చెట్టు మూడో జవాబు. నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం కూడా అదే.

కాలిఫోర్నియాలో ఉన్న ప్రపంచంలోకెల్లా ఎత్తైన రెడ్‌వుడ్ చెట్టు 115 మీటర్ల పైమాటే. వేరు దగ్గరి నీరు అంత పైకి ఎక్కాలి. పంపు ఎక్కడుంది? ఎక్కడా లేదు. పైనుంచి గాలిని ఎంత పీల్చేసినా వాతావరణ పీడనం నీటిని పది మీటర్ల పైచిలుకు ఎత్తుకు మించి లేపలేదు. వేర్ల నుంచి వచ్చే ఒత్తిడీ చాలదు. నీరు నడిచే దారువు గొట్టాలు చచ్చిపోయిన కణాల గుల్లలు, వాటికి ప్రాణమే లేదు. మరి ఎత్తేదెవరు? ఆకు. పత్రరంధ్రాల లోపల తడిగోడల నుంచి నీరు ఆవిరవుతుంటే, ఆ గోడల్లోని అతి సన్నని రంధ్రాల్లో నీటి అంచు లోపలికి వంగి వెనకున్న నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు తాడు లాగినట్టు వేరుదాకా పోతుంది. 1894లో ఐర్లండ్ శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ ఈ సిద్ధాంతం చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. నీటిని తాడులా లాగడమేమిటన్నారు. చదివిన కొత్తలో నేనూ అదే అన్నాను. దారువులో నీరు నిజంగానే సాగదీసిన స్థితిలో ఉంటుందని తర్వాత కొలిచి చూశారు.

దీన్ని బట్టి తేలేదేమిటో చూడండి. చెట్టులో రవాణాను నడిపించేది మార్పిడి జరిగే చోటే. ఆకు తలుపు తెరిచేది కార్బన్ డయాక్సైడ్ కోసం. తెరిచిన తలుపులోంచి నీరు పోతుంది, ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి రావడానికి కొన్ని వందల నీటి అణువులు బయటికి. నష్టమే. కానీ ఆ నష్టంతోనే చెట్టు తన నీటిని ఎత్తుకుంటోంది. ఖనిజాలూ ఆ నీటితోనే ఎక్కుతాయి. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇలా ఆవిరైపోయేదే.

ఇక్కడ నా వాదనకు ఒక దెబ్బ తగులుతుంది, దాచను. కరువులో నేల ఎండిపోతే ఆ నీటి తాడు మీద లాగుడు పెరిగి పెరిగి, గొట్టంలోకి గాలిబుడగ దూరి తెగిపోతుంది. చెవికి అందని శబ్దాలను పట్టే మైక్‌లు పెడితే ఆ తెగడాలు టిక్కు టిక్కుమని వినిపిస్తాయి కూడా. ఎక్కువ గొట్టాలు అలా పోతే చెట్టు చచ్చిపోతుంది, ఆకులో మార్పిడి వ్యవస్థ ఎంత చక్కగా ఉన్నా. అలాగే గుండె ఆగితే మనిషి నిమిషాల్లో పోతాడు, ఊపిరితిత్తులు ఎంత శుభ్రంగా ఉన్నా. రవాణా ముఖ్యం కాదని నేననడం లేదు. అది ఎంత పెద్దగా, ఎంత వేగంగా, ఎక్కడెక్కడికి ఉండాలో నిర్ణయించేది రవాణా కాదంటున్నాను. పరుగెత్తే మనిషిని చూడండి. విశ్రాంతిలో మొత్తం రక్తంలో ఐదో వంతు తీసుకునే కండరాలు, గట్టిగా పరుగెత్తేటప్పుడు నూటికి 80 పాళ్ల దాకా లాగేసుకుంటాయి. ఆ పంపకం గుండె చేసింది కాదు. కండరంలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, అక్కడి చిన్న ధమనులు వదులై తలుపులు తీశాయి. గుండె తన దగ్గరికి తిరిగొచ్చిన రక్తాన్నే మళ్లీ పంపగలదు. ఎక్కువ వస్తే ఎక్కువ కొడుతుంది. మెదడు నుంచి హెచ్చరికలు అందుతాయి నిజమే, కానీ లెక్క మొదలయ్యేది అంచున, మార్పిడి జరిగే చోట.

అంచు తెలిస్తే ప్రాణాలు ఎలా నిలుస్తాయో చెప్పే కథ ఒకటుంది. కలరా సోకిన పేగు నీటిని కుండపోతగా బయటికి వదిలేస్తుంది. తాగిన ఉప్పునీరు ఒంటికి పట్టదు. అందుకని సెలైన్ ఎక్కించడమొక్కటే దారి అనుకునేవారు. 1960లో జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ పేగు కణత్వచంలో, అంటే కణాన్ని చుట్టి ఉండే పొరలో, ఒక తమాషా తలుపు ఉండాలని చెప్పాడు. చక్కెర, సోడియం జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. గ్లూకోజ్ అణువు ఒకటి, సోడియం అయాన్లు రెండు అని తర్వాత తేలింది. వాటి వెంట నీరు వస్తుంది. కలరా ఈ తలుపును పాడుచేయదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల కోసం పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌లో పెట్టిన శిబిరంలో సెలైన్ నిండుకుంటుంటే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. గుండెను ఎవరూ ముట్టుకోలేదు. కొన్ని నానోమీటర్ల మందమున్న పొరలో ఒక తలుపు ఎలా తెరుచుకుంటుందో తెలియడమే మందయింది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఈ సంగతి రెండు ముక్కల్లో ముద్రిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

నాన్న కోలుకున్నారు. పదకొండో రోజుకు క్లిప్పులో 95 కనిపించింది. మళ్లీ ఈసీజీ తీశారు, మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి. శ్వాసక్రియ ఒక పాఠం, రవాణా ఇంకో పాఠం, విసర్జన మరొకటి. మూడింటిలోనూ చివర మొక్కలకు కొంచెం చోటు. ఒకే కథను ముక్కలు కోసి వేర్వేరు డబ్బాల్లో పెట్టినట్టుంది. నా గోల రోజూ వింటోంది కదా, యూనిట్ టెస్టులో గుండె బొమ్మ వేయమంటే వేసి, బాణం గుర్తు ఉండాల్సిన చోట ఒక కేశనాళిక, పక్కన ఒక కణం గీసి, మధ్యలో '10 మైక్రోమీటర్లు, సెకనులో 40వ వంతు' అని రాసొచ్చింది. పేపరు దిద్ది ఇచ్చారు. బొమ్మకు పూర్తి మార్కులు వేసి, ఈ అదనపు భాగం పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

"దీనికి మార్కులు లేవట నాన్నా. టైమ్ వేస్ట్ అయింది, చివరి ప్రశ్న రాయలేకపోయాను. ఫైనల్‌లో బాణమే పెడతా" అంది.

పెట్టమన్నాను.